ఒకే దోషం, రెండు పద్దులు

లైట్‌స్పీడ్ క్యాష్ అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లో 2023లో ఒక లోపం బయటపడింది. అంతకు ఐదేళ్ల ముందు, 2018 ఆరంభంలో, తెలంగాణలో ఉపాధి హామీ కూలి డబ్బులూ సామాజిక పింఛన్లూ పంచే టీఎస్‌పోస్ట్ పోర్టల్‌లో మరో లోపం బయటపడింది. మొదటిది సాఫ్ట్‌వేర్ వాళ్ల సొంత వ్యవహారంగా మిగిలిపోయింది. రెండోది ఆధార్ చుట్టూ సాగుతున్న వాదోపవాదాల్లో కలిసిపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు తక్కువ. అలా చదివితే ఒక సంగతి తేటపడుతుంది. రెండు చోట్లా జరిగిన తప్పు ఒకే జాతిది. ఆ తప్పును పద్దు రాసుకున్న తీరులో మాత్రం ఎక్కడా పొంతన లేదు. ఆ తేడా వల్ల నష్టపోయేది కంప్యూటర్ ముందు ఎన్నడూ కూర్చోని మనిషి.

ఆ మనిషిని చూడాలంటే కోసిగికి రావాలి. కర్నూలు జిల్లా పడమటి కొసన, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, గుంతకల్లు–రాయచూరు రైలు మార్గం మీద ఉన్న మండల కేంద్రమిది. వానలు లేని ఏడు ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లకు తాళాలేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతారు. అక్షరాస్యత బాగా వెనకబడిన ప్రాంతం. కరువు పని కూలి, పింఛను, రేషను, ఇల్లు, వీటిలో ఏది చేతికి రావాలన్నా ఎక్కడో ఒక పోర్టల్‌లో పేరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా సరిగ్గా కూర్చోవాలి. వెబ్‌సైట్‌ను ఒక్కసారి కూడా తెరవని మనిషికి వెబ్‌సైటే దిక్కయిన చోటు ఇది. సైట్ల భద్రత గురించి రాసేవాళ్లు సాధారణంగా సైటు యజమాని కోసం రాస్తారు. ఈ పోలికను నేను పోర్టల్‌లో పేరున్న మనిషి వైపు నుంచి చేస్తున్నాను.

ముందు తప్పు జాతి తెలియాలి. వెబ్‌సైట్ అన్నాక బయటివాళ్ల రాతను తీసుకోక తప్పదు. పేరు, చిరునామా, వెతుకుతున్న పదం, ఫిర్యాదు, ఇవన్నీ బయటివాళ్లు నింపేవే. ఆ రాత చివరిదాకా రాతగానే ఉండాలి, ఎక్కడా ఆజ్ఞ కాకూడదు. పేజీలో చూపించేటప్పుడు బ్రౌజర్ దాన్ని ఆజ్ఞగా తీసుకుంటే క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు, పొట్టిగా ఎక్స్‌ఎస్‌ఎస్. డేటాబేస్ దాన్ని ఆజ్ఞగా తీసుకుంటే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. రెండోదాన్ని జెఫ్ ఫారిస్టల్ 1998 చివర్లో ఫ్రాక్ పత్రికలో వివరించాడు. మొదటిదానికి 2000 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు పేరు పెట్టారు. ఆ ఫిబ్రవరి 2న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సెర్ట్ కేంద్రం దాని మీద బహిరంగ హెచ్చరిక ఇచ్చింది. వెబ్ లోపాలకు ప్రపంచమంతా కొలబద్దగా వాడే ఓవాస్ప్ జాబితా 2017లో ఈ రెంటినీ వేరువేరు వరుసల్లో పెట్టింది. 2021 జాబితా వచ్చేసరికి ఎక్స్‌ఎస్‌ఎస్‌ను ఇంజెక్షన్ వరుసలోనే కలిపేసింది. కాబట్టి నేను పోలుస్తున్నవి రెండు జబ్బులు కావు, ఒకే జబ్బు రెండు అవయవాల్లో కనిపించిన తీరు.

లైట్‌స్పీడ్ క్యాష్‌తో మొదలుపెడదాం. సైటు పేజీలు త్వరగా తెరుచుకోవడానికి వాడే ప్లగిన్ అది. 50 లక్షలకు పైగా సైట్లలో ఉంది. అందులో ఒక సేవ స్థితిని నమోదు చేసుకునే చిన్న ఫంక్షన్ ఉంది. బయటి నుంచి వచ్చిన విలువను అది శుభ్రం చేయలేదు. దాన్ని తెర మీద చూపించేటప్పుడు ఎస్కేప్ చేయలేదు, అంటే ఆజ్ఞగా మారగల గుర్తులను ఉత్త అక్షరాలుగా మార్చలేదు. అడుగుతున్నవాడికి ఆ హక్కు ఉందా అని కూడా చూడలేదు. ఈ మూడూ కలవడంతో లాగిన్ లేని ఎవరైనా సరే ఒక్క అభ్యర్థన పంపి సైటులో తన స్క్రిప్టును నిలవ పెట్టగలిగారు. ఆ విలువ నోటీసు రూపంలో అడ్మిన్ తెర మీదికి వస్తుంది. అడ్మిన్ ఎప్పటిలాగే లాగిన్ అయి డాష్‌బోర్డ్ తెరవగానే స్క్రిప్టు నడుస్తుంది, అదీ అడ్మిన్ పేరు మీద. చదువురాని మనిషి తరఫున ఎవరో అర్జీ రాసి వేలిముద్ర వేయించుకుంటే, అందులో ఏముందో ఆ మనిషికి తెలియకపోయినా కచేరీలో అది ఆయన మాటగానే చెల్లుతుంది. అడ్మిన్ బ్రౌజర్ వేసే ముద్ర కూడా అలాగే చెల్లుతుంది. సర్వర్ దృష్టిలో ఆ ఆజ్ఞ యజమానే ఇచ్చాడు.

ఎక్స్‌ఎస్‌ఎస్‌లోనూ తరగతులున్నాయి. అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ అనే ప్లగిన్‌లో 2023 మే నెలలో వెలుగుచూసినది రిఫ్లెక్టెడ్ రకం. అక్కడ స్క్రిప్టు సైటులో నిలవ ఉండదు, మోసపు లింకులో ఉంటుంది. లాగిన్ అయి ఉన్న మనిషి ఆ లింకు నొక్కితేనే పని జరుగుతుంది. ఆ ప్లగిన్ 20 లక్షలకు పైగా సైట్లలో ఉంది, మే 4న సవరణ వచ్చింది. లోపం వివరాలు బయటికొచ్చిన ఒక్క రోజులోనే దాని కోసం సైట్లను జల్లెడ పట్టే ప్రయత్నాలు మొదలయ్యాయని అకమాయ్ సంస్థ గమనించింది. ఇక్కడ కనీసం ఒక మనిషి మోసపోవాలి. లైట్‌స్పీడ్‌లో ఆ అవసరం కూడా లేదు, అడ్మిన్ తన పని తాను చేసుకుంటే చాలు. అందుకే నిలవ ఉండే రకాన్ని ఎక్కువ ప్రమాదంగా లెక్కపెట్టాలి. జాగ్రత్తగా ఉండే మనిషిని కూడా అది వదలదు.

ఇక టీఎస్‌పోస్ట్. ఫ్రాన్స్‌కు చెందిన భద్రతా పరిశోధకుడు రాబర్ట్ బాప్తిస్త్, ట్విట్టర్‌లో ఎలియట్ ఆల్డర్సన్ పేరుతో అప్పటికే ఆధార్ లోపాల మీద రాస్తున్నాడు. ఈ పోర్టల్ అతి సాధారణమైన ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు లొంగిపోతోందని ఆయన బయటపెట్టాడు. అందులో 56 లక్షల ఉపాధి హామీ లబ్ధిదారుల ఖాతా వివరాలూ, 40 లక్షల సామాజిక పింఛనుదారుల వివరాలూ ఉన్నాయని వార్తలొచ్చాయి. రెండు జాబితాలూ కలిపితే 96 లక్షల వరుసలు. ప్రతి వరుస వెనకా ఒక కూలి మనిషో, ఒక ముసలి ప్రాణమో, ఒక ఒంటరి ఆడమనిషో ఉంటారు.

కోసిగి ఆంధ్రప్రదేశ్‌లోది కాబట్టి ఆ జాబితాలో ఇక్కడి ఊళ్ల పేర్లుండవు. అయితే అదే ఏడాది ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు కులం, మతం వివరాలతో సహా ఎవరికైనా కనిపించేలా ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి వెలుగులోకి తెచ్చారు. అక్కడ ఇంజెక్షన్ దాకా పోవలసిన పని కూడా లేదు. రాష్ట్రాలు వేరైనా ఏలుబడి అలవాటు ఒకటేనని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ఇప్పుడు రెంటినీ ఎదురెదురుగా నిలబెడదాం.

మొదటి ప్రశ్న: ఏ తప్పు ఎక్కువ క్షమించదగింది? నా తీర్పు ప్లగిన్ వైపు మొగ్గుతుంది, దానికి సాంకేతిక కారణం ఉంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు మందు ఒక్కచోట వేస్తే చాలు. డేటాబేస్‌కు ఆజ్ఞను ఒక దారిలో, మనిషి నింపిన విలువను మరో దారిలో పంపే పద్ధతి ఉంది. ఆ పద్ధతి పాటిస్తే విలువలో ఏమున్నా అది ఆజ్ఞ కాలేదు. 2018 నాటికి ఇది కొత్తగా నేర్చుకోవలసిన విద్యేమీ కాదు, పదేళ్లకు పైగా అన్ని ప్రధాన భాషల్లోనూ చేతికందే దూరంలో ఉన్నదే. ఎక్స్‌ఎస్‌ఎస్ అలా లొంగదు. ఒకే పేరు ఒక పేజీలో శీర్షికగా, ఇంకోచోట లింకులో భాగంగా, మరోచోట ఫారంలో ముందే నింపిన విలువగా, వేరొకచోట స్క్రిప్టు లోపల కనిపిస్తుంది. ఒక్కోచోట ఒక్కో రకంగా ఎస్కేప్ చేయాలి. వంద చోట్ల సరిగ్గా చేసి ఒక్కచోట మరిచిపోయినా అంతా పోయినట్టే. వర్డ్‌ప్రెస్ భద్రతను గమనించే ప్యాచ్‌స్టాక్ సంస్థ 2023లో 5,948 కొత్త లోపాలను నమోదు చేసింది. వాటిలో 97 శాతం ప్లగిన్లలోనివి, మొత్తంలో సగానికి పైగా ఎక్స్‌ఎస్‌ఎస్ రకానివి. ఇంతమంది ఒకే చోట జారుతున్నారంటే అది ఒకరిద్దరి అశ్రద్ధ కాదు, దారే ప్రమాదకరంగా ఉందన్నమాట. 2015 ఏప్రిల్‌లో ఇదే రుజువైంది. వర్డ్‌ప్రెస్‌లోని రెండు ఫంక్షన్లు తమ ఫలితాన్ని ఎస్కేప్ చేయవన్న సంగతి అధికారిక వివరణలో స్పష్టంగా లేకపోవడంతో జెట్‌ప్యాక్, యోస్ట్ లాంటి పేరుమోసిన ప్లగిన్లు కూడా ఒకే తప్పు చేశాయి. అయినా లైట్‌స్పీడ్‌కు పూర్తి మాఫీ ఇవ్వలేను. ఎస్కేప్ మరిచిపోవడం పొరపాటు. హక్కును పరీక్షించకపోవడం నిర్లక్ష్యం.

రెండో ప్రశ్న: తప్పు బయటపడ్డాక పద్దులో ఏం చేరింది? పోలికలో అసలు కీలకం ఇక్కడుంది. లైట్‌స్పీడ్ లోపానికి బహిరంగ లోపాల జాబితాలో సీవీఈ-2023-40000 అనే నంబరుంది. కనిపెట్టినవాడి పేరుంది: ప్యాచ్‌స్టాక్‌కు చెందిన రఫీ ముహమ్మద్. ఏ ఫంక్షన్‌లో, ఎందుకు, ఏ వెర్షన్ దాకా ఉందో తెలుసు. 2023 అక్టోబరులో 5.7.0.1 వెర్షన్‌తో సరిచేశారని తెలుసు. సైట్లకు సర్దుకునే వ్యవధి ఇచ్చి, 2024 ఫిబ్రవరిలో వివరాలు ప్రకటించారని తెలుసు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక విద్యార్థి దీన్ని మొదటినుంచి చివరిదాకా చదివి నేర్చుకోవచ్చు. టీఎస్‌పోస్ట్ విషయంలో మన చేతికొచ్చింది ఒక విదేశీ పరిశోధకుడి మాట, దాని మీద పత్రికల వార్తలు. ఏ పేజీలో, ఎన్నాళ్ల నుంచి, ఆయనకంటే ముందు ఇంకెవరైనా ఆ దారిన వచ్చారా, వచ్చి ఎవరి వివరాలు పట్టుకుపోయారు అన్న ప్రశ్నలకు జవాబు ఆ 96 లక్షల వరుసల్లోని మనుషులకు చేరాల్సింది.

ఇందులో ఎవరి దురుద్దేశాన్నీ వెతకక్కర్లేని కారణం ఒకటుంది. సీవీఈ నంబరు ఇచ్చే పద్ధతి నలుగురూ తెచ్చి పెట్టుకునే సాఫ్ట్‌వేర్ కోసం పుట్టింది. ఒక ప్లగిన్ 50 లక్షల చోట్ల ఉంటే దాని లోపం అందరికీ తెలియాలి కాబట్టి నంబరు పడుతుంది. ప్రభుత్వ పోర్టల్ ఒకే ఒక్క చోట ఉంటుంది. అది 96 లక్షల వరుసలు మోస్తున్నా, లెక్కలో మాత్రం ఒకే సైటు. సైట్లను లెక్కపెట్టే పద్ధతి మనుషులను లెక్కపెట్టలేకపోయింది. అమెరికాలోనో జర్మనీలోనో ఒక చిన్న దుకాణం సైటు వాడే ప్లగిన్‌కు ఉన్న చరిత్ర, మన పేదల కూలి డబ్బు పంచే పోర్టల్‌కు లేకుండా పోయింది. ఇది సరిదిద్దగల అన్యాయం.

మూడో ప్రశ్న: కనిపెట్టినవాడిని ఎలా చూశారు? ప్లగిన్ల లోకంలో లోపం చెప్పినవాడికి పేరు దక్కుతుంది, చాలాసార్లు బహుమతి కూడా. ఇక్కడ 2018 జనవరిలో ఆధార్ వివరాలు అంగట్లో దొరుకుతున్నాయని రాసిన ట్రిబ్యూన్ విలేఖరి పేరుతోనే పోలీసు కేసు నమోదైంది. సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్ అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి పోవడాన్ని తప్పుగా చూస్తుంది. మంచి మనసుతో పరీక్షించేవాడికి అందులో స్పష్టమైన రక్షణ లేదు. అందుకే మన పోర్టల్ లోపాన్ని ఫ్రాన్స్‌లో కూర్చున్న మనిషి ధైర్యంగా చెప్పగలిగాడు. ఆదోనిలోనో కర్నూలులోనో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లవాడికి అదే లోపం కనిపిస్తే నోరు మూసుకోవడమే క్షేమం అనుకుంటాడు. ఇంటివాళ్లు చూడకూడదంటే చూసేది దొంగే.

ఇంతవరకూ ప్లగిన్ లోకాన్ని మెచ్చుకున్నాను. దాని తప్పు కూడా అంతే గట్టిగా చెప్పాలి. లైట్‌స్పీడ్ సవరణ వచ్చింది 2023 అక్టోబరులో. 2024 ఏప్రిల్, మే నెలల్లో పాత వెర్షన్ల మీద దాడులు ముమ్మరమయ్యాయి. ఒకే ఐపీ చిరునామా నుంచి 12 లక్షలకు పైగా అభ్యర్థనలు వచ్చాయని డబ్ల్యూపీస్కాన్ సంస్థ చెప్పింది. దొరికిన సైట్లలో సహాయక సిబ్బంది ఖాతాల్లా కనిపించే పేర్లతో కొత్త అడ్మిన్ ఖాతాలు పుట్టాయి. ఆరు నెలల ముందే మందు వచ్చినా వేసుకోనివాళ్లు అంతమంది ఉన్నారన్నమాట. వార్తా సైట్లు ఎక్కువగా వాడే న్యూస్‌పేపర్ థీమ్‌కు తోడుగా వచ్చే ట్యాగ్‌డివ్ కంపోజర్ ప్లగిన్‌లోనూ ఇదే జరిగింది. 4.1 వెర్షన్‌లో అరకొర సవరణ, 4.2లో పూర్తి సవరణ వచ్చాయి. 2023 సెప్టెంబరులో బలాడా ఇంజెక్టర్ అనే దాడుల పరంపర 17 వేలకు పైగా సైట్లను పట్టింది. వాటిలో 9 వేలకు పైగా ఈ లోపంతో ముడిపడినవేనని సుక్యూరి సంస్థ లెక్కకట్టింది. ఆ సైట్లకు వెళ్లిన పాఠకులను అది మోసపు పేజీలకు మళ్లించింది.

లోపాన్ని బహిరంగంగా ప్రకటించే పద్ధతి ఒక ఊహ మీద నిలబడింది: అవతల చదివేవాడు ఒకడున్నాడని. చిన్న ఊళ్ల సైట్ల విషయంలో ఆ ఊహ చాలాసార్లు తప్పుతుంది. ఒక బడికో, గుడికో, స్థానిక వార్తల సైటుకో ఎవరో ఒకసారి పని చేసి ఇచ్చి వెళ్లిపోతారు. ప్లగిన్లు అలాగే పడి ఉంటాయి. వర్డ్‌ప్రెస్ 2020 ఆగస్టులో 5.5 వెర్షన్ నుంచి ప్లగిన్లు వాటంతటవే అప్‌డేట్ అయ్యే సదుపాయం ఇచ్చింది. సైటు చేసి ఇచ్చేవాళ్లు ఆ మీట నొక్కి అప్పజెప్పడం, వాడని ప్లగిన్లను తీసేయడం తమ పనిలో భాగం అనుకోవాలి. సైటు చేయించుకునేవాళ్లు ఏడాది నిర్వహణకు కూడా డబ్బు కేటాయించాలి. ఈ ఖర్చు పెట్టని సైటు పాఠకుడికి ద్రోహం చేస్తుంది.

సవరణ చేసే తీరులో మన భాషకు సంబంధించిన చిక్కు కూడా ఉంది. ఎక్స్‌ఎస్‌ఎస్ భయంతో కొందరు ప్రోగ్రామర్లు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేవీ రానివ్వని వడపోత పెడతారు. తెలుగులో పేరు రాస్తే ఫారం ఒప్పుకోదు. ఇంకొందరు కంటికి కనిపించని గుర్తులన్నిటినీ తీసేస్తారు. తెలుగులో ఒక హల్లు కింద మరో హల్లు ఒత్తుగా దిగకుండా ఆపడానికి యూనికోడ్‌లో వాడేది అలాంటి కనిపించని గుర్తే. దాన్ని తీసేస్తే పదం రూపం చెడుతుంది, అదే పేరు వేరే జాబితాలోని పేరుతో కలవదు. ఇన్ని ఇబ్బందులు పెట్టి కూడా ఈ వడపోత పూర్తి రక్షణ ఇవ్వదు. రాతను వచ్చినది వచ్చినట్టు దాచి, చూపించే చోట చోటుకు తగినట్టు ఎస్కేప్ చేయడమే సరైన పద్ధతి. దానివల్ల తెలుగు చెడదు, స్క్రిప్టు నడవదు. ఈ పద్ధతిని ప్లగిన్ల లోకం పదేపదే దెబ్బలు తిని నేర్చుకుంది. మన పోర్టళ్లు ఆ దెబ్బలు తినకుండానే నేర్చుకోవచ్చు.

చివరి ప్రశ్న అన్నిటికంటే బరువైంది: తప్పించుకునే వీలు ఎవరికుంది? ప్లగిన్ నచ్చకపోతే యజమాని తీసేస్తాడు, ఇంకోటి పెట్టుకుంటాడు. వార్తల సైటు నమ్మకం పోగొట్టుకుంటే పాఠకుడు ఇంకో సైటుకు పోతాడు. కోసిగి కూలికి ఆ వీలు లేదు. ఆమె పేరు ఏ పోర్టల్‌లో ఉండాలో ఆమె నిర్ణయించలేదు, పాస్‌వర్డ్‌లా ఆధార్ నంబరును మార్చుకోలేదు. ఎంచుకునే హక్కు లేనివాళ్ల వివరాలు దాచే చోట జాగ్రత్త ఎక్కువ ఉండాలి. మన పోలికలో అది తలకిందులుగా ఉంది. ఎంచుకోగలిగినవాడికి పూర్తి సమాచారం అందింది, ఎంచుకోలేనివాళ్లను వార్తాపత్రికకు వదిలేశారు.

చట్టం కొంత కదిలింది. ఇటువంటి ఘటన తెలిసిన ఆరు గంటల్లో తమకు చెప్పాలని దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023, వివరాలు బయటికి పోతే ఆ విషయం సమాచార రక్షణ బోర్డుకే కాకుండా బాధితులు ఒక్కొక్కరికీ తెలపాలంటోంది. కాగితం మీద ఇది గొప్ప మెట్టే. కానీ అక్షరం రాని మనిషికి, నాలుగు నెలలు సుగ్గిలో ఉండే మనిషికి, ఫోన్‌లో వచ్చే సందేశం తెలిపినట్టు ఎలా అవుతుంది?

దీనికి జవాబు మన దగ్గరే ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభ చేత సామాజిక తనిఖీ చేయించాలని విధించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పనిని 2006 నుంచి దేశానికే మేలుబంతిగా చేసి చూపింది. మస్టర్లు ఊరి మధ్య చదివి వినిపించారు. చేయని పనికి ఎవరి పేరు మీద డబ్బు పడిందో అక్షరం రానివాళ్లు కూడా లేచి చెప్పారు. పైకం లెక్కకు పనికొచ్చిన ఆ పద్ధతి వివరాల లెక్కకూ పనికొస్తుంది. ప్రతి సంక్షేమ పోర్టల్‌కూ ఒక బహిరంగ పద్దు ఉండాలి: ఏ లోపం, ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు, ఎప్పుడు సరిచేశారు, ఎన్ని పేర్లు బయటపడ్డాయి. ఆ పద్దును గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. సుగ్గికి పోయినవాళ్లు తిరిగొచ్చాక ఇంకోసారి చదవాలి. లోపం చెప్పిన విద్యార్థిపై కేసు పెట్టబోమని ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. 50 లక్షల సైట్ల యజమానులకు ఒక ప్లగిన్ కంపెనీ ఇచ్చిన మర్యాద అదే. అంతకంటే తక్కువ మర్యాదకు కోసిగి కూలి ఒప్పుకోవలసిన అవసరం లేదు.